మోటారు సైకిలు మరమ్మతు షాపు – గ్రామస్థుడు కోరునదేమి?

ఒకప్పుడు మన పల్లెలలో రైతు బండి యిరుసు విరిగినచో వడ్రంగి యొద్దకును, చక్రపు పట్టా వదులైనచో కమ్మరి కొలిమికిని పోయెడివాడు. పని అతని కన్నుల యెదుటనే జరిగెడిది. ఏ కొయ్య చెక్కినారో, ఎంత యినుము కాల్చినారో అతడు ప్రక్కన కూర్చుండి చూచుచుండెడివాడు. కూలిని అప్పటికప్పుడు చెల్లింపవలసిన పనియు లేదు. పంట కల్లమునకు వచ్చినపుడు మేర కొలిచి యిచ్చెడివాడు. చేసిన పని నిలువనిచో మరల అదే కొలిమి ముందు నిలిచి అడుగుటకు అతనికి చనువుండెడిది.

నేడు మన గ్రామములలో ఆ కొలిమి స్థానమున మోటారు సైకిలు మెకానిక్కు షెడ్డు వెలసినది. పనిముట్లు మారినవి గాని గ్రామస్థుడు ఆశించునది పెద్దగా మారలేదు. అయితే ఇంజను మూత క్రింద జరుగునది అతని కంటికి కనబడదు. ఉదయము బండిని అప్పగించి పొలమునకు పోవును. సాయంకాలము వచ్చి, చెప్పినంత చెల్లించి తీసికొని పోవును. ఏ భాగము చెడినదో, ఏది క్రొత్తగా వేసినారో, అసలు వేసినారో లేదో అతనికి తెలియదు. మెకానిక్కునకును, బండి యజమానికిని నడుమ వచ్చెడు తగవులలో పెక్కింటికి ఈ తెలియకపోవుటయే మూలము. ధర ఎక్కువ యనుమాట దాని తరువాతిది. సిద్దిపేట జిల్లా గ్రామములను దృష్టియందుంచుకొని, కంపెనీకి చెందక స్వతంత్రముగా నడచు మరమ్మతు షాపునుండి గ్రామస్థుడు ఏమి కోరుచున్నాడో, ఆ విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన సాయమేమో యిచట వివరింపగోరుచున్నాము.

బండి నిలిచినచో

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశపు గ్రామీణ కుటుంబములలో నూటికి 14 కుటుంబములకు స్కూటరో, మోటారు సైకిలో, మోపెడో ఉండెను. ఆ పిమ్మట ఈ సంఖ్య ఎట్లు పెరిగినదో తమ గ్రామ పంచాయతీ కార్యాలయము ముందు నిలిచి చూచిన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో పూర్వపు మెదక్ జిల్లా భాగములతో పాటు కరీంనగర్, వరంగల్ జిల్లాల మండలములు కొన్ని చేరినవి. హైదరాబాదు నుండి కరీంనగర్ వైపు పోవు రాజీవ్ రహదారి ఈ జిల్లా గుండ పోవును. ఆ రహదారికి ఎడముగా నున్న గ్రామములలో బస్సు కొరకు కాచుకొనుటకంటె సొంత బండిపై పోవుటయే పలువురకు అలవాటైనది.

ఈ బండి విలాస వస్తువు కాదు. వేకువ జామున పాలక్యాన్లు కట్టుకొని పాలకేంద్రమునకు పోవునది ఇదే. కూరగాయల మూటలతో ములుగు మండలములోని వంటిమామిడి మార్కెట్టుకు పోవునది ఇదే. ఎరువు బస్తాలు, పశువుల మేత, బడికి పోవు పిల్లలు, ఆసుపత్రికి పోవు ముసలివారు అందరును దీనిపైననే. కావున బండి ఒక పూట నిలిచినచో పాలు విరుగును, టమాటా మెత్తబడును, కూలివానికి ఆనాటి కూలి పోవును. మరమ్మతు ఖర్చు మూడు వందలైనను, నిలిచినందువలన కలిగిన నష్టము అంతకు మించవచ్చును. ఈ లెక్క గ్రహించిన మెకానిక్కు షాపునకు పని కొరత ఉండదు.

అట్లయిన కంపెనీవారి సర్వీసు కేంద్రమునకు పోరాదా యని కొందరు అడుగవచ్చును. ఆ కేంద్రములు సాధారణముగా పట్టణములందుండును. తొగుటలోనో, కోహెడలోనో బండి కదలనిచో దానిని పట్టణమునకు చేర్చుటయే ఒక పని. పైగా పది పన్నెండేండ్లు నడచిన బండికి అచట చెప్పెడు మొత్తము దాని అమ్మకపు ధరలో సగమునకు చేరుట కద్దు. ఊరి మెకానిక్కు పేరు పెట్టి పిలిచినంత దూరమున నుండును. బండి చరిత్ర నెరుగును. పంక్చరైన చోటికి తానే వచ్చును. ఒక్కొక్కప్పుడు ఉద్దెర పెట్టును. ఈ సౌకర్యములు ఏ కంపెనీ షోరూములోను దొరకవు. క్రొత్త బండికి ఉచిత సర్వీసులు మిగిలియున్నంత కాలము మాత్రము కంపెనీ కేంద్రమునకు పోవుటయే లాభము. వాటిని వదలుకొనుట వలన గ్యారంటీ విషయమున చిక్కులు రావచ్చును.

మొదట చెప్పుట, తరువాత విప్పుట

గ్రామస్థుని మొదటి కోరిక యిది: బండి విప్పుటకు ముందే లోపమేమో, ఖర్చెంతో చెప్పవలెను. ఈ కోరికలో అన్యాయమేమియు లేదు. కాని లోపమును కనుగొనుటయే ఈ వృత్తిలో కష్టమైన భాగము కనుక దీనిని కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఒక ఉదాహరణ తీసికొందము. బండి లాగుట లేదని ఒక రైతు తెచ్చినాడు. "ఇంజను పని వచ్చినది, బోరు చేయింపవలెను" అని వెంటనే చెప్పుట తేలిక. బోరు, పిస్టను పనికి వేల రూపాయలగును. అయితే లాగకపోవుటకు ఇంజను అరుగుట ఒక్కటే కారణము కాదు. బ్రేకు పట్టుకొని యుండవచ్చును. బండిని నడిమి స్టాండుపై నిలిపి, గేరు తీసి, వెనుక చక్రమును చేతితో త్రిప్పినచో అది స్వేచ్ఛగా తిరుగుచున్నదో లేదో క్షణములో తెలియును. గాలి శుద్ధి చేయు ఫిల్టరు దుమ్ముతో మూసికొని పోయియుండవచ్చును. మన మట్టి రోడ్లపై ఇది తరచు జరుగును. ఇంజను గట్టిగా అరచుచు బండి మాత్రము ముందుకు పోనిచో క్లచ్చి ప్లేట్లు జారుచున్నవని అర్థము. చెయిన్ మితిమీరి బిగించినను బండి బరువుగా నడచును. ఇవన్నియు చూచిన పిమ్మట గదా ఇంజను సంగతి!

పొగ కూడ కొంత చెప్పును. నీలి పొగ ఆగక వచ్చుచున్నచో ఇంజను ఆయిలు కాలుచున్నది. పిస్టను రింగులో, వాల్వు సీళ్ళో అరిగియుండవచ్చును. నల్లని పొగ యైనచో పెట్రోలు అధికముగా మండుచున్నదనియో, గాలి చాలుట లేదనియో గ్రహింపవలెను. చలికాలపు ఉదయమున కొంతసేపు కనబడి పోవు తెల్లని ఆవిరిని చూచి భయపడనక్కరలేదు. తక్కువ ఖర్చుతో తేలు కారణములను ముందు చూచి, పెద్ద ఖర్చు గల కారణమునకు చివర పోవువాడే మంచి మెకానిక్కు. ఆ వరుసను బండి యజమానికి చెప్పుచు చూచినచో అతని అనుమానము సగము తీరును.

విప్పిన తరువాత గాని తెలియని లోపములు ఉండుట నిజమే. అందుచేత కచ్చితమైన మొత్తమును ఎవడును ముందుగా చెప్పజాలడు. ఇంత నుండి ఇంతవరకు అగునని చెప్పవచ్చును గదా! సామానుకెంత, కూలికెంత అని వేరువేరుగా చెప్పవచ్చును. విప్పిన పిమ్మట క్రొత్త లోపము బయటపడినచో ఫోను చేసి, చేయుమందురా యని అడుగుట కష్టమైన పని కాదు. అడుగకుండ చేసిన పనికి, అది ఎంత అవసరమైనదైనను, డబ్బిచ్చుటకు గ్రామస్థునకు మనసొప్పదు. ఇక్కడనే తగవు మొదలగును.

పాత భాగము ఎవరిది?

మార్చిన పాత భాగము బండి యజమానిదే. దానిని అతనికి చూపి, కోరినచో తిరిగి యిచ్చుట న్యాయము. చాల షెడ్లలో ఈ అలవాటు ఉన్నది. లేని చోట్ల అడిగి చేయించుకొనవలెను. కొన్ని భాగముల అరుగుదలను సామాన్యుడును గుర్తింపవచ్చును.

స్ప్రాకెట్టు పండ్లు అరిగి కొడవలి మొనవలె ఒక ప్రక్కకు వంగినచో దాని పని తీరినదని తెలియవలెను. అట్టి స్ప్రాకెట్టుపై క్రొత్త చెయిన్ ఒక్కటే వేయుట వృథా. అరిగిన పండ్లు క్రొత్త చెయిన్‌ను త్వరలోనే సాగదీయును. అందువలననే చెయిన్‌తో పాటు ముందు వెనుక స్ప్రాకెట్లను సెట్టుగా మార్చుమని మెకానిక్కులు చెప్పుదురు. ఇది వ్యాపార మాయయని కొందరు తలచెదరు గాని అట్లు కాదు. అరిగిన పండ్లను కంటికి చూపి చెప్పినచో ఆ తలంపు కలుగదు.

డ్రమ్ము బ్రేకు గల పెక్కు బండ్లలో వెనుక చక్రము ప్రక్కన, బ్రేకు చేయి మొదట ఒక బాణపు గుర్తు ఉండును. బ్రేకు పూర్తిగా త్రొక్కినపుడు ఆ బాణము డ్రమ్ము మూతపై నున్న గుర్తునకు చేరినచో లైనర్లు అరిగిపోయినవని తెలియవలెను. అప్పుడు నట్టు బిగించి కాలము గడుపరాదు. బిగించుమని పట్టుబట్టు యజమానులు చాలమంది ఉన్నారు. మెకానిక్కు వారి మాట వినకుండుటయే మేలు. బరువు మూటలతో చెరువు కట్ట దిగుచున్నప్పుడు పనిచేయని బ్రేకు ఎవరి ప్రాణమును తీయునో చెప్పలేము.

నకిలీ సామాను సంగతి వేరుగా చెప్పవలసియున్నది. పొట్లములలో అమ్మెడు వస్తువులపై గరిష్ఠ చిల్లర ధర, తయారుచేసినవారి పేరు ఉండవలెనని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు శాసించుచున్నవి. ఆ ధరలో పన్నులన్నియు చేరియుండును. విడిభాగమును పొట్లముతో సహా చూపుమని అడుగుట, విప్పిన పొట్లమును దాచుకొనుట మంచి అలవాట్లు. తక్కువ ధరకు వేరొక కంపెనీ సామాను వేయుట తప్పు కాదు. అసలు కంపెనీదని చెప్పి వేయుట తప్పు. రెండింటి ధరలు చెప్పి, ఏది వేయమందురని అడిగినచో నిర్ణయము యజమానిదగును. లైటు అద్దము, సీటు కవరు వంటి వాటికి చవుక సామాను చాలును. బ్రేకు లైనర్లు, చక్రపు బేరింగులు, క్లచ్చి తీగ వంటి వాటి విషయమున చవుకను చూడరాదని మా అభిప్రాయము.

ఆయిలు విషయమును కూడ గమనింపవలెను. మోటారు సైకిళ్ళలో పెక్కింటికి ఇంజనునకు పోసిన ఆయిలులోనే క్లచ్చి ప్లేట్లు మునిగియుండును. కార్ల ఆయిళ్ళలో కొన్నింట ఒరపిడి తగ్గించు మందులు కలిపియుందురు. వానిని పోసినచో క్లచ్చి జారును. డబ్బాపై జె.ఏ.ఎస్.ఓ., ఎం.ఏ. అను అక్షరములున్న ఆయిలు మోటారు సైకిళ్ళకై చేసినది. నూరు సి.సి. తరగతి బండ్లకు ఒకసారి పోయునది ఇంచుమించు ఒక లీటరే. కనుక సీలు గల డబ్బాను యజమాని యెదుట తెరచి పోయుటలో ఏ యిబ్బందియు లేదు.

రేపు రమ్మనుట

షెడ్డుల మీద ఫిర్యాదులలో "రేపు రమ్మనుట"కు పెద్దపీట. మెకానిక్కు అబద్ధమాడవలెనని ఆడడు. ఎదుట నిలిచిన మనిషిని కాదనలేక సాయంకాలమునకు ఇత్తునని చెప్పును. అంతలో నాలుగు పంక్చర్లు వచ్చి పడును. సిద్దిపేట నుండి రావలసిన సామాను రాదు. సాయంకాలము ఎనిమిది కిలోమీటర్లు నడచి వచ్చినవానికి విప్పిన బండి కనబడును. రెండు రోజులగునని ముందే చెప్పియున్నచో అతడు పొరుగువాని బండి అడిగి పని గడుపుకొనియుండును. ఆలస్యమును గ్రామస్థుడు సహించును. ఆలస్యమగునని తెలియజేయకపోవుటను సహింపడు. ప్రతి పల్లెలో ఫోనున్న ఈ రోజులలో ఒక మాట ముందుగా చెప్పుటకు ఖర్చేమున్నది?

సంక్రాంతి నుండి ఉగాది వరకు కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారములందును, వరికోతల దినములందును షెడ్లలో రద్దీ హెచ్చును. ఆ దినములలో బ్రేకు, పంక్చరు, తీగ తెగుట వంటి చిన్న పనులను ఉదయము తీర్చి పంపి, ఇంజను పనులను మధ్యాహ్నమునకు నిలుపు పద్ధతి అనుభవజ్ఞులైన ఉస్తాదులు పాటించుచున్నారు.

చేసిన పని నాలుగు రోజులలోనే మరల చెడినచో కూలి లేకుండ చేసి యిచ్చుట గ్రామస్థుడు ఆశించు మరియొక ధర్మము. ఏ పనికి ఎన్ని రోజుల పూచీయో బండి అప్పగించునప్పుడే నోటితో అనుకొనుటకంటె చీటీపై వ్రాసికొనుట మేలు. చిన్న షాపువారు చీటీ వ్రాసినచో పన్ను కట్టవలసివచ్చునని జంకుదురు. ఆ భయము అనవసరము. సాలునకు 20 లక్షల రూపాయల లోపు వ్యాపారము చేయువారు సాధారణముగా జి.ఎస్.టి. క్రింద రిజిష్టరు కానక్కరలేదు. పేరు, బండి నంబరు, చేసిన పని, సామాను ధర, కూలి, తేదీ – ఈ ఆరు సంగతులు గల తెల్ల కాగితమైనను చాలును. 2020 జూలై 20వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, అమ్మిన వస్తువునకు గాని చేసిన సేవకు గాని బిల్లు ఇయ్యకుండుటను అనుచిత వ్యాపార పద్ధతులలో చేర్చినది. డబ్బు తీసికొని చేసిన సేవలో లోపమున్నచో రెండేండ్ల లోపల జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అయితే మూడు వందల రూపాయల క్లచ్చి తీగకై కమిషను మెట్లెక్కువాడెవడు? అంతవరకు పోకుండ చేయు సాధనము ఆ చీటీయే. వ్రాత ఉన్నచోట ఊరి పెద్దలే తగవును పది నిమిషములలో తీర్పగలరు.

మెకానిక్కు పక్షము

ఇంతవరకు బండి యజమాని పక్షమున వ్రాసితిమి. రెండవ పక్షము చెప్పనిచో అన్యాయమగును. ఉద్దెర పుస్తకము నిండియుండని షెడ్డు పల్లెలలో అరుదు. పత్తి అమ్మిన పిమ్మట ఇత్తునన్నవాడు పత్తి అమ్మి, వేరొక షాపు గుండ పోవుట మెకానిక్కులందరెరిగిన సంగతి. విడిభాగములు అమ్మువారు మెకానిక్కునకు అట్లు ఉద్దెర పెట్టరు. సామాను ధరను వెంటనే చెల్లించి, కూలి మాత్రము పంటకు నిలుపుకొనుట ఇరువురకును భారము కాని పద్ధతి. మెకానిక్కు జేబునుండి సొమ్ము పోదు. రైతునకును వెసులుబాటు కలుగును.

కొందరు తాము వేరొకచోట చేయించి చెడిన పనిని దాచి బండి తెత్తురు. కొందరు పూర్తి పని వద్దు, ఈ వారము నడచిన చాలునందురు. వారము తరువాత ఆగినచో మెకానిక్కును నిందింతురు. వైద్యునకు రోగము దాచినట్లే యిదియు. ఏ పనిని సగము చేయుమన్నారో కూడ చీటీపై వ్రాసినచో మెకానిక్కునకును రక్షణ కలుగును.

క్రొత్త బండ్లు, పాత విద్య

మదరాసులో 1955లో తయారీ ప్రారంభమైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు మొదలుకొని, 1980లో వచ్చిన టి.వి.యస్. 50 మోపెడు, 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ వరకు బండ్లన్నింటికి ఒక పోలిక ఉన్నది. నాలుగు పానాలు, ఒక స్క్రూ డ్రైవరు, ప్లగ్గు పానా ఉన్నచో వానిని విప్పి బిగింపవచ్చును. ఉస్తాదు ప్రక్కన నాలుగేండ్లు కూర్చున్న కుర్రవాడు చెవితో విని లోపము చెప్పగలుగుచుండెను. కార్బొరేటరు జెట్టులో నలుసు చిక్కినచో విప్పి ఊదినచో బండి నడచెడిది.

2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి దేశమంతట భారత్ స్టేజ్ 6 కాలుష్య నిబంధనలు అమలుకాగా, క్రొత్త మోటారు సైకిళ్ళలో కార్బొరేటరు పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చినది. పెట్రోలు ఎంత చిమ్మవలెనో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె నిర్ణయించును. గాలి, వేడిమి మున్నగువాని కొలతలను సెన్సార్లు దానికి తెలుపుచుండును. లోపము కలిగినచో మీటరు వద్ద ఇంజను ఆకారపు పసుపు దీపము వెలుగును. కొన్ని బండ్లలో ఆ దీపము ఎన్నిసార్లు మెరిసినదో లెక్కించి లోపము పోల్చుకొనవచ్చును. కొన్నింటికి స్కానరు యంత్రమును తగిలింపవలెను. ఇట్టి బండిని చెవితో విని, తోచిన తీగ పీకి చూచుట అపాయము. నాకు రాదు, పట్టణమునకు తీసికొని పొమ్మని నిజము చెప్పు మెకానిక్కును గ్రామస్థుడు చులకన చేయడు. తెలియని పనిలో చేయి పెట్టి పెట్టెను కాల్చినవానినే మరువడు. యజమానులు ఎరుగవలసిన సంగతి యొకటి ఉన్నది. ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే యుండి, ఆ పెట్రోలు వలననే చల్లబడుచుండును. ట్యాంకు అడుగంటువరకు తరచు నడుపుట ఆ పంపునకు చేటు.

అసలు చిక్కు మరియొకటి. సాంకేతిక వివరములును, విడిభాగములును కంపెనీ కేంద్రములకే దొరకి, బయటి మెకానిక్కునకు దొరకనిచో అతడెంత నేర్పరియైనను ఏమి చేయగలడు? ఇట్టి వివాదమే కార్ల విషయమున వచ్చినది. స్వతంత్ర మరమ్మతుదారులకు విడిభాగములు అందకుండ చేయుచున్నారని 2014 ఆగస్టు 25వ తేదీన భారత పోటీ కమిషను 14 కార్ల కంపెనీలపై మొత్తము 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. బయట మరమ్మతు చేయించినంత మాత్రమున గ్యారంటీ మొత్తము రద్దగునను నిబంధనను కంపెనీలు పెట్టరాదనియు ఆదేశించినది. కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. ఆ పిమ్మట కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కు కొరకు 2022 జూలైలో ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, మోటారు వాహనములు ఆ పోర్టలు పరిధిలోనివే. మన షెడ్డులోని యువకుడు ఫోనుపైననే దానిని చూడవచ్చును.

పంచాయతీ చేయదగినది

గ్రామ పంచాయతీ కూడ మరమ్మతు షాపునకు ఒక గిరాకీయే. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణలోని పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూరినవి. చెత్త ఎత్తుటకు, మొక్కలకు నీరు పోయుటకు నడచు ఆ ట్రాక్టరు నిలిచినచో వీధులు చెడును. దాని మరమ్మతు బిల్లుపై సర్పంచి సంతకము చేయవలెను. ఆడిటులో ఆ బిల్లుకు జవాబు చెప్పవలెను. రైతు తన బండికి కోరునవే పంచాయతీ తన ట్రాక్టరుకు కోరవలెను గదా! ముందు అంచనా, పాత భాగము, పొట్లము, చీటీ. పంచాయతీ ఈ పద్ధతిని నియమముగా పెట్టుకొన్నచో ఊరిలోని మెకానిక్కునకు అది అలవాటగును, ఆ అలవాటు వలన తక్కినవారును లాభపడుదురు.

షెడ్డు స్థలము మరియొక సంగతి. చాల షెడ్లు రోడ్డు అంచుననే యుండుటచే మరమ్మతుకు వచ్చిన బండ్లు దారిలోనికి వచ్చును; విప్పిన చక్రము ప్రక్కన కూర్చున్న కుర్రవానిని రాత్రివేళ లారీవాడు చూడకపోవచ్చును. పంచాయతీ అధీనమున రోడ్డునకు ఎడముగా తగిన స్థలమున్నచో నామమాత్రపు అద్దెకిచ్చి, చదునైన నేల, ఒక లైటు, నీటి కుళాయి ఏర్పాటుచేయుట పెద్ద ఖర్చుగాదు. 14 ఏండ్లు నిండని పిల్లలను ఏ పనిలోను పెట్టుకొనరాదని 2016లో సవరింపబడిన బాల కార్మిక చట్టము చెప్పుచున్నది. నేర్చుకొనుచున్నాడను పేరున బడి మానిన పిల్లవాడు షెడ్డులో కనబడినచో సభ్యులు చూచి చూడనట్లు పోరాదు. ఆ పిల్లవాని భవిష్యత్తు మాట అటుండగా, చక్రపు నట్టును పన్నెండేండ్ల చేతితో బిగించిన బండిపై మనలో ఎవరము తల్లిని ఎక్కించుకొని పోగలము?

పదవ తరగతి ముగించి ఈ పనియందు ఆసక్తి గల యువకులను ఐ.టి.ఐ.కి పంపుట మంచి మార్గము. ఇంజెక్షన్ బండ్లను, ఇకముందు వచ్చు విద్యుత్ బండ్లను బాగుచేయుటకు తీగలు, కరెంటు సంగతులు పుస్తకమున చదివియే నేర్వవలెను. షెడ్డు విద్య ఒక్కటి చాలదు. సొంత షాపు పెట్టదలచినవారు 2015 ఏప్రిల్ 8వ తేదీన ప్రారంభమైన ముద్ర పథకము క్రింద బ్యాంకులను అడుగవచ్చును. అందులో శిశు తరగతి ఋణము 50 వేల రూపాయల వరకుండును. పానాల సెట్టు, గాలి యంత్రము కొనుటకు ఈ సొమ్ము చాలవరకు సరిపోవును.

చివరిది వాడిన ఆయిలు. బండి ఒక్కింటికి లీటరు చొప్పున, షెడ్డునుండి నెలకు ఎంత నల్ల ఆయిలు వెడలునో లెక్కవేయుడు. అది షెడ్డు వెనుక మట్టిలోనికిగాని మురుగు కాల్వలోనికిగాని పోయుచున్నచో వానకు కొట్టుకొనిపోయి కుంటలోనికో, బావిలోనికో చేరును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనలలో వాడిన ఆయిలును చేర్చియున్నారు. అనుమతి పొందిన శుద్ధి కేంద్రములకే అది పోవలెను. ఒక్కొక్క షెడ్డువాడు దానిని పట్టణమునకు మోయజాలడు. పంచాయతీ ఒక మూతగల ఇనుప పీపాను ఏర్పరచి, చుట్టుప్రక్కల షెడ్లన్నియు అందులో పోయునట్లు చేసి, నిండినపుడు అనుమతి గల కొనుగోలుదారునకు అప్పగించి రసీదు తీసికొనవలెను. పాత బ్యాటరీలను విప్పి సీసము తీయనీయక, క్రొత్తది కొన్న దుకాణమునకే తిరిగి యిప్పింపవలెను. పీపా తాళము పంచాయతీ కార్యదర్శి యొద్ద గాక షెడ్డువారిలో ఒకరి యొద్ద నుంచుట మంచిది. ఆయిలు వెడలునది కార్యాలయపు వేళలలో మాత్రమే కాదు.